ముప్పై రెండో పత్తా

ఆ రోజు మా ఇంట్లో నలుగురం ఉన్నాం. బాపమ్మ, అమ్మ, జీవన్ చిన్నాయన, నేను. మా బాపు పొద్దున్నే ఎయిర్‌పోర్టు దగ్గరి గోదాముకు డ్యూటీకి పోయాడు. దసరా సెలవులు కాబట్టి నాకు బడి లేదు.

బాపమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. చిన్నాయన ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. సిమెంటు కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. ఒళ్లో గాజు సీసా ఉంది. సీసాలోకి సైకిల్ పుల్ల దూర్చి, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటున్నాడు.

నేను పక్కనే నేల మీద కూర్చుని ఒక పత్తాను పెన్సిలుకు చుడుతున్నాను. పత్తా అంటే పేక ముక్క. మా కొత్వాల్‌గూడలో పత్తా అనే అంటారు.

ఆ సీసా గురించి ముందు చెప్పాలి. అది పెద్ద పళ్ల రసం సీసా. దాని మూతిలో నా రెండు వేళ్లు మాత్రమే పడతాయి. లోపల మాత్రం ఒక పత్తాల డబ్బా పడుకుని ఉంటుంది. సీసాకు ఎక్కడా పగులు లేదు, అతుకు లేదు. డబ్బా లోపలికి ఎట్లా పోయిందో చూసినవాళ్లకు అర్థం కాదు.

చిన్నాయన క్యాబ్ నడిపేవాడు. రెండేళ్ల కింద ఒక ప్యాసింజర్ చేతిలో ఇలాంటి సీసా చూశాడట. "ఎట్ల పెట్టిన్రు సార్?" అని అడిగితే, ఆయన నవ్వి, "నువ్వే ఆలోచించు" అని దిగి వెళ్లిపోయాడట. చిన్నాయన అప్పటినుంచి ఆలోచిస్తూనే ఉన్నాడు. మొన్నటి వానాకాలంలో కారు బోల్తాపడి కాలు విరిగింది. అప్పుడు ఆలోచించడానికి కావాల్సినంత తీరిక దొరికింది.

డబ్బా రహస్యం ఆవిరి. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద ఖాళీ డబ్బాను పట్టుకుంటే, అతికించిన అంచు మెల్లగా ఊడిపోయింది. డబ్బా విచ్చుకుని అట్టముక్క అయింది. దాన్ని చుట్టి సీసాలోకి తోశాడు. లోపల పుల్లలతో మళ్లీ డబ్బాలా నిలబెట్టాడు. పుల్ల కొసకు గమ్ము అంటించి అంచు అతికించాడు. దానికే నాలుగు రోజులు పట్టింది. ఒక పుల్ల పాత సైకిల్‌ది. ఇంకోటి బాపమ్మ గొడుగుది.

"సీసాల పత్తాలు పెట్టి ఏం జేస్తవ్‌రా? ఆడుకోనికి రాదు, అమ్ముకోనికి రాదు" అని బాపమ్మ రోజూ అడిగేది.

"చూసుకోనికి వస్తది కదనే."

"వానొస్తే సీసా నెత్తి మీద పెట్టుకుని పోత తియ్యి. గొడుగైతే లేకపాయె."

డబ్బా అయ్యాక పత్తాలు ఒక్కొక్కటే పోవాలి. అక్కడ నా పని. పత్తాను అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా చేయాలి. తర్వాత పెన్సిలుకు మెల్లగా చుట్టాలి. బొమ్మ లోపలికి, వెనక డిజైను బయటికి. మడత పడితే పోయినట్టే. ఒక్కో పత్తాకు పది నిమిషాలు పట్టేది. నేను చుట్టి ఇస్తే చిన్నాయన సీసాలోకి దూర్చి, పుల్లతో విప్పి, చదును చేసి, డబ్బాలో ఉన్నవాటి మీదికి జరిపేవాడు. విమానం కిందికి దిగుతుంటే మా ఇంటి రేకులు అదిరేవి. అప్పుడు ఆయన పుల్లను కదపకుండా పట్టుకుని, చప్పుడు పోయేదాకా ఆగేవాడు. నేనూ ఆగేదాన్ని.

"లెక్క నీదే" అన్నాడు మొదటి రోజే. "నా కండ్లు సీసాలనే ఉంటయి. ఎన్ని పోయినయో నువ్వే చెప్పాలె."

నేను ప్రతి పత్తా పేరు నోట్‌బుక్‌లో వరుసగా రాసేదాన్ని. ఆ పొద్దుటికి ముప్పై ఒకటి అయ్యాయి.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఎల్లుండా?" అన్నాడు చిన్నాయన ఫోన్‌లో. "పండుగ అయినంక పోతనంటివి కదన్నా." కాసేపు విన్నాడు. "సరే తియ్యి. పోయే ముందు మా ఇంటికి రా. రాకుంటే మాత్రం ఊకోను."

ఫోన్ పెట్టేసి నావైపు చూశాడు. "గోపన్న ఎల్లుండే పోతుండంట. సద్దుల బతుకమ్మకు ఊర్ల ఉండాలని వదిన పట్టు బట్టింది. నాలుగింటికి సామాన్ల బండి వస్తదంట."

ఆ పత్తాలు గోపన్నవే. నాకు ఆయన గోపయ్య కాక. ఆయనదీ క్యాబే. ఎయిర్‌పోర్టు పార్కింగులో నంబరు వచ్చేదాకా డ్రైవర్లు గంటలు గంటలు ఆగాలి. అప్పుడు ఆయన కారులోంచి ఈ పత్తాలు తీసేవాడు. చిన్నాయన కాలు విరిగి దవాఖానలో పడుకున్నప్పుడు రోజూ వచ్చి, మంచం మీదే పంచేవాడు. ఒక రోజు పత్తాలు అక్కడే వదిలేసి, "నీ దగ్గరనే ఉండనియ్యి" అన్నాడట. ఇప్పుడు కారు అమ్మేశాడు. ఊరికి పోయి తమ్ముడితో కలిసి వ్యవసాయం చేస్తాడు. సీసా ఆయనకు ఇవ్వడానికే.

"ఇంక ఇరవై ఒకటి ఉన్నయి" అన్నాడు చిన్నాయన. "మనకు రోజుకు ఎనిమిది కంటే ఎక్కువ అయితలేవు. ఎట్లనో ఏమో."

ఆయన గొంతు విని నాకు బాధ వేసింది. రోజంతా మంచం మీదే ఉండే మనిషి ఈ సీసా ముందేసుకున్నాకే మళ్లీ నవ్వుతున్నాడు.

నేను నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గిన్నె మూత పక్కనుంచి ఆవిరి వస్తోంది. నా చేతిలో తర్వాతి పత్తా ఉంది. ఇస్పేట్ రాణి. దాని మూల కొంచెం నలిగి, చిన్న చిన్న గుంటలు పడి ఉంది.

ఆవిరికి డబ్బా మెత్తబడింది కదా, పత్తా కూడా మెత్తబడుతుంది అనుకున్నాను. అప్పుడు పది నిమిషాల పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. చిన్నాయన ఆశ్చర్యపోతాడు.

రాణిని ఆవిరి మీద పట్టుకున్నాను. నిజంగానే మెత్తబడింది. తర్వాత ఆ నలిగిన మూల దగ్గర పొర లేచింది. వేలితో నొక్కాను. ఇంకా లేచింది. భయపడి అటూ ఇటూ సరిచేయబోయాను. పత్తా నడిమికి విడిపోయింది. ఒక చేతిలో రాణి బొమ్మ. ఇంకో చేతిలో వెనక డిజైను. రెండూ ఉల్లిపొరల్లా వంకర తిరిగాయి.

"సంతోషీ, పత్తా ఏది? జర జల్ది ఇయ్యి బిడ్డా" అని చిన్నాయన పిలిచాడు.

చెబుదామనే ముందు గదిలోకి వచ్చాను. రెండు పొరలూ వెనక పట్టుకుని నిలబడ్డాను. చిన్నాయన తల ఎత్తలేదు. నుదుటి మీద చెమట. సీసా దగ్గర చేయి చాపి ఉంచాడు, పత్తా కోసం.

గూట్లో రెండు జోకర్లు ఉన్నాయి. వాళ్ల ఆటలో జోకర్ లేదని చిన్నాయన వాటిని పక్కన పెట్టాడు. వెనక నుంచి చూస్తే అన్ని పత్తాలూ ఒకటే. నేను ఒక జోకర్ తీసి, అటు తిరిగి చుట్టాను. బొమ్మ లోపలికి, డిజైను బయటికి. ఆయన చేతిలో పెట్టాను.

"ముప్పై రెండు" అన్నాను.

"ముప్పై రెండు" అన్నాడు చిన్నాయన కూడా. పుల్లతో విప్పి, చదును చేసి, డబ్బాలోకి జరిపేశాడు.

రాణిని సోషల్ పుస్తకం మధ్యలో దాచాను. నోట్‌బుక్ తీశాను. ముప్పై రెండో వరుసలో ఇస్పేట్ రాణి అని రాయాలి. చేయి రాలేదు. చిన్న అక్షరాలతో జోకర్ అని రాసి మూసేశాను.

మర్నాడంతా పని చేశాం. నేను ముందెప్పుడూ లేనంత జాగ్రత్తగా చుట్టాను. ఒక్క పత్తా కూడా మడత పడలేదు. అమ్మ కూడా వచ్చి కొన్ని చుట్టి ఇచ్చింది. సాయంత్రానికి యాభై రెండు అయ్యాయి. చిన్నాయన డబ్బా మూత లోపలికి మడిచి, పుల్లతో కొంచెం గమ్ము అంటించి నొక్కి పట్టాడు. సీసాకు బిరడా పెట్టాడు. బాపును పిలిచి చూపించాడు. పక్కింటి అమృతమ్మను పిలిచి చూపించాడు.

"ఎట్ల పోయినయ్‌రా ఇవి?" అంది అమృతమ్మ సీసాను తిప్పి తిప్పి చూస్తూ.

"దారి అడిగి పోయినయి" అన్నాడు చిన్నాయన. అందరూ నవ్వారు.

తర్వాత పుల్లలు, గమ్ము డబ్బా సర్దుతూ గూట్లోకి చూశాడు. "ఇండ్ల రెండు జోకర్లు ఉండె కద. ఒకటే ఉందేంది?"

"నాకు తెల్వదు" అన్నాను.

"గాలికి యాడనో పడ్డట్టుంది, పోనీ."

మొదటి అబద్ధానికి అటు తిరిగి నిలబడాల్సి వచ్చింది. రెండోది గబుక్కున నోట్లోంచి వచ్చేసింది. నాకు దాని మీదే ఎక్కువ భయం వేసింది.

ఇప్పుడు సీసా పగలగొడితే తప్ప ఎవరికీ తెలియదు. సీసా ఎవరూ పగలగొట్టరు. ఈ రెండు మాటలు చాలాసార్లు మనసులో చెప్పుకున్నాను. అయినా అన్నం సరిగ్గా తినబుద్ధి కాలేదు.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. పన్నెండు దాటాక గోపయ్య కాక స్కూటర్ మీద వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. మా కోసం సంచీలో జామకాయలు తెచ్చాడు. చిన్నాయన సీసా చేతికి ఇస్తే, చుట్టూ తిప్పి చూశాడు. ఎండ వైపు పెట్టి చూశాడు. తలకిందులు చేశాడు. డబ్బా లోపల కొంచెం కదిలింది.

"నా పత్తాలేనా?"

"నీవే అన్నా. యాభై రెండు."

"ఇగ పార్కింగ్ల సూపర్‌వైజర్ వస్తుండంటే దాచే పని లేదు" అన్నాడు కాక. "నువ్వు ఒక్కనివే చేసినవా?"

"సగం పని మా సంతోషిది. లెక్క మొత్తం ఆమెదే."

"గీ మాట్లాడని పిల్లదా?"

"మాట్లాడదు గని లెక్క తప్పది."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. బయటివాళ్లు వస్తే నేను ఎప్పుడూ అక్కడే నిలబడతాను. ఏదైనా అడిగితే తల ఊపుతాను, అంతే.

గోపయ్య కాక సీసాను కంటి దగ్గర పెట్టుకున్నాడు. "ఇండ్ల ఇస్పేట్ రాణి యాడుందో. దాని మూలకు కొరికిన గుర్తు ఉంటది, చూసినవా బిడ్డా? మా బిడ్డ ప్రియదర్శిని పని అది. పాల పండ్లు వచ్చేటప్పుడు కార్ల కూసోని కొరికింది. అప్పటిసంది ఆ రాణి ఎవని చేతిల ఉన్నా ఎనక నుంచే తెలిసిపోతుండె."

"నేను రోజూ లొల్లి పెట్టిన, కొత్త పత్తాలు కొనమని" అన్నాడు చిన్నాయన. "కొన్నడా? కొనలే. అందరికంటే ముందుగాల ఈయనే గుర్తు పడుతుండె కద."

ఇద్దరూ నవ్వారు. టీ తెచ్చిన అమ్మ కూడా నవ్వింది.

"ఇప్పుడు ప్రియకు నాలుగేండ్లు" అన్నాడు గోపయ్య కాక. "జర పెద్దగయినంక చూపిస్త. ఇండ్ల నీ పాల పండ్ల గుర్తు ఉందే అని చెప్త. డబ్బా లోపల ఉన్నదాయె, దానికి కనపడది. నమ్ముతదో లేదో. అయినా ఉన్నదైతే ఉన్నది కద."



"అది అందులో లేదు" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం పోయింది. రేకులు అదిరాయి. నా మాట ఎవరికీ వినపడలేదు. గోపయ్య కాక టీ తాగుతున్నాడు. చిన్నాయన అలవాటుగా సీసా వైపే చూస్తున్నాడు. అమ్మ జామకాయలు గిన్నెలోకి తీస్తోంది.

చప్పుడు పోయింది. అంతా ముందులాగే ఉంది. నేను ఏమీ అనకపోయినట్టే.

"ఇస్పేట్ రాణి అందులో లేదు" అన్నాను మళ్లీ. ఈసారి గట్టిగానే వచ్చింది.

ముగ్గురూ నావైపు తిరిగారు.

"ఏందే?" అంది అమ్మ.

నేను లోపలికి వెళ్లి సోషల్ పుస్తకం తెచ్చాను. రెండు పొరలూ తీసి గోపయ్య కాక ముందు పెట్టాను. ఆవిరి సంగతి చెప్పాను. జోకర్ సంగతి చెప్పాను. "తెల్వదు" అన్నది కూడా అబద్ధమే అని చిన్నాయనకు చెప్పాను. చెబుతున్నంతసేపూ మంచం కోడు వైపే చూశాను.

చిన్నాయన ఆ పొరల వైపు చూశాడు. "ఆ కొరికిన మూల నాకు కనపడనే లేదు. రాణి ఎప్పుడు లోపలికి పోయిందో నేనే చూడలేదనుకున్న. లెక్క నువ్వు పెడుతున్నవని ఊకున్న."

వాకిట్లోంచి బాపమ్మ వచ్చింది. "గందుకే చెప్పిన, ఇంట్లకు పత్తాలు తేవొద్దని."

"పత్తాలేం జేసినయ్ పెద్దమ్మా" అన్నాడు గోపయ్య కాక. ఆయన రాణి పొరను వేళ్ల మధ్య పెట్టుకుని మూల చూస్తున్నాడు. గుంటలు ఇంకా ఉన్నాయి. బొటనవేలితో వాటిని తడిమాడు. నన్ను తిట్టలేదు. పర్వాలేదు అని కూడా అనలేదు.

"దీన్ని జేబుల పెట్టుకుని పోత తియ్యి జీవనా" అన్నాడు చివరికి.

"లేదన్నా" అన్నాడు చిన్నాయన. "యాభై రెండు అని చెప్పి జోకర్ పెట్టి ఇయ్యను. టైమెంత?"

"ఒకటి అయితుంది. బండి నాలుగింటికి."

"డబ్బా మూత మీద గమ్ము ఎండింది. ఇప్పుడు తీస్తే డబ్బా చినగొచ్చు. నిలువొచ్చు." చిన్నాయన సీసాను ఒళ్లోకి తీసుకున్నాడు. "చినిగిందంటే ఇగ ఏమీ లేదు. నీకు ఇయ్యనీకి నా దగ్గర వేరేది లేదు."

"నీ ఇష్టం తమ్మీ."

"రాణిని అతికించి తేవాలా?" అని నేను అడిగాను.

"అతికిస్తే మందమైతది, సీసా మూతిల పట్టది. రెండు పొరలు అట్లనే పోతయి. అక్కడ పెట్టు."

పెట్టాను. ఆయన చేతికర్ర అందుకుని మంచం దిగాడు. లోపలి గదిలో గాలి తక్కువ, కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. గోపయ్య కాక సీసా పట్టుకుని ముందు నడిచాడు. నేను పుల్లలు, గమ్ము డబ్బా తీసుకుని వాళ్ల వెనకే గది గుమ్మం దాకా వెళ్లాను. చిన్నాయన అవి నా చేతుల్లోంచి తీసుకున్నాడు.

"జోకర్ ఎన్నోది?"

"ముప్పై రెండోది. దాని మీద ఇంకా ఇరవై ఉన్నాయి."

"పక్కానా?"

"పక్కా చిన్నాయనా. అప్పుడే రాసుకున్న."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను కళ్లు దించుకోలేదు.

"జీవనా, ఎందుకైనా మంచిది, అన్నీ తీసి చూద్దామా?" అన్నాడు లోపలినుంచి గోపయ్య కాక.

"అన్నీ తీస్తే చీకటి పడ్తదన్నా" అన్నాడు చిన్నాయన. ఇంకా నావైపే చూస్తున్నాడు. "ఇరవై పక్కకు జరుపుదాం. ఇరవై ఒకటోది జోకర్."

నేను గుమ్మం లోపలికి ఒక అడుగు వేశాను.

"నువ్వు బయటనే ఉండు" అని, కర్ర కొసతో తలుపు మూశాడు.